ఇంట్లో వైర్‌లెస్ ఆడియో: బ్లూటూతా, వైఫైనా, డాంగిలా? ఎంచుకోవడం నుంచి సరిచేసుకోవడం దాకా

"టీవీకి బ్లూటూత్ హెడ్‌ఫోన్ కలిపితే పెదాలు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వస్తోంది." "స్పీకర్‌లో పాట వస్తుండగా ఎవరైనా ఫోన్ చేస్తే ఆగిపోతోంది." "ఆన్‌లైన్ మీటింగ్ మొదలవగానే హెడ్‌సెట్‌లో సౌండ్ డొక్కు రేడియోలా అయిపోతోంది." ఈ మూడు ప్రశ్నలూ ఏదో ఒక రూపంలో వస్తూనే ఉన్నాయి, ఈ మూడింటిలోనూ చాలాసార్లు వస్తువు బాగానే ఉంటుంది, ఆ పనికి ఆ టెక్నాలజీ సరిపోదు, అంతే.

అందుకే ఇక్కడ బ్రాండ్ల గురించి మాట్లాడను. ముందు మీ పని, తర్వాత మీ ఇల్లు, ఆ తర్వాతే టెక్నాలజీ. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైనది కొన్నా చిరాకే మిగులుతుంది.

## 1. కొనేముందు రాసిపెట్టుకోవాల్సినవి

ఓ పది నిమిషాలు పడుతుంది, దాటేయకండి.

- [ ] ఎక్కువగా ఏం వింటారు: పాటలా, టీవీనా, గేములా, కాల్సా, కీబోర్డో గిటారో సాధనా?
- [ ] వినేది ఒక్కరా, ఇద్దరా, ఇల్లంతానా?
- [ ] శబ్దం పంపే పరికరానికీ వినే చోటుకీ మధ్య ఎన్ని గోడలున్నాయి?
- [ ] మీ ఫోన్ ఐఫోనా, ఆండ్రాయిడా?
- [ ] టీవీ వెనక ఏ పోర్టులున్నాయి: ఆప్టికల్ (శబ్దాన్ని వెలుగుగా పంపే తీగది), హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ), హెడ్‌ఫోన్ జాక్, యూఎస్‌బీ? ఓ ఫొటో తీసి ఉంచుకోండి.
- [ ] స్పీకర్ పెట్టాలనుకున్న చోట ప్లగ్ పాయింట్ ఉందా?

చివరిది చాలామంది మర్చిపోతారు. బ్యాటరీతో నడిచేవి తప్ప వైర్‌లెస్ స్పీకర్లకు కూడా కరెంటు తీగ ఉంటుంది, పోయేది ఆడియో తీగ మాత్రమే.

## 2. అన్నిటికంటే ముందు ఆలస్యం సంగతి తేల్చుకోండి

వైర్‌లెస్‌లో శబ్దం నేరుగా రాదు. పంపేవైపు కుదించాలి, గాల్లోకి పంపాలి, మధ్యలో కొంత పోయినా ఆగకుండా ఉండటానికి అందుకునేవైపు కాస్త నిల్వ పెట్టుకోవాలి, విప్పాలి, అప్పుడు వినిపించాలి. ఈ మొత్తానికి పట్టే సమయమే లేటెన్సీ, దీన్ని మిల్లీసెకన్లలో చెబుతారు. మామూలు బ్లూటూత్‌లో ఇది సుమారు 150 నుంచి 250 దాకా ఉంటుంది.

ఇది ఎక్కువా తక్కువా అనేది ఎలా తెలుస్తుంది? టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన సిఫార్సు ప్రకారం, బొమ్మ కంటే శబ్దం దాదాపు 125 మిల్లీసెకన్లు వెనకబడితే మనిషి గుర్తుపట్టడం మొదలుపెడతాడు, 185 దాటితే ఇక భరించలేడు. అదే శబ్దం ముందొస్తే 45 దగ్గరే పట్టేస్తాడు. గాలిలో శబ్దం మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి మూడు మీటర్ల దూరంలో కూర్చున్నా మామూలుగానే ఓ తొమ్మిది మిల్లీసెకన్లు ఆలస్యంగా వింటాం, మెదడుకు అది లెక్కే కాదు.

దీన్నిబట్టి మీ పని ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి.

- పాటలు, పాడ్‌కాస్ట్‌లు: ఆలస్యం ఎంతున్నా తేడా లేదు.
- ఫోన్‌లో వీడియో: చాలా వీడియో యాప్‌లు హెడ్‌ఫోన్ ఆలస్యాన్ని లెక్కేసుకుని బొమ్మను కూడా అంతే వెనక్కి జరుపుతాయి, అందుకే ఫోన్‌లో బాగున్న అదే హెడ్‌ఫోన్ టీవీ దగ్గర ఇబ్బంది పెడుతుంది.
- టీవీ: 100 లోపు ఉండాలి, 40 దగ్గర ఉంటే హాయి.
- గేములు: మీరు నొక్కిన తర్వాతే శబ్దం పుడుతుంది కాబట్టి ముందుగా సర్దడానికి ఎవరికీ వీలుండదు. డాంగిల్ (హెడ్‌సెట్‌తో వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క) లేదా వైరు.
- వాయిద్యం సాధన: వైరే. మీట నొక్కాక స్వరం ఆలస్యంగా వస్తుంటే చేతులు తాళం తప్పుతాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లయితే తప్పు తమదే అనుకుంటారు. దీనికి బ్లూటూత్ వద్దని గట్టిగా చెబుతున్నాను.

## 3. ఏ టెక్నాలజీ దేనికి

బ్లూటూత్. దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఉంటుంది, పవర్ తక్కువ తింటుంది, హెడ్‌ఫోన్లకూ ఇంట్లో తిప్పుకునే చిన్న స్పీకర్లకూ ఇదే తగినది. మామూలు పరికరాలకు నమ్మకంగా పది మీటర్లు అనుకోండి, అదీ మధ్యలో గోడ లేకపోతే. ఇబ్బంది ఏంటంటే శబ్దమంతా ఫోన్ మోయాలి: కాల్ వస్తే పాట ఆగుతుంది, మీరు ఫోన్ పట్టుకుని బయటికెళితే స్పీకర్ మూగబోతుంది.

వైఫై. ఇల్లంతా పాట వినాలంటే ఇదే. గూగుల్ కాస్ట్, స్పాటిఫై కనెక్ట్ లాంటివాటిలో ఫోన్ రిమోట్ మాత్రమే, "ఈ పాట తెచ్చుకో" అని చెబుతుంది, తర్వాత స్పీకరే రౌటర్ ద్వారా ఇంటర్నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. అందుకే కాల్ వచ్చినా, ఫోన్ స్విచాఫ్ అయినా పాట ఆగదు. ఆపిల్ వాళ్ల ఎయిర్‌ప్లేలో మాత్రం మామూలుగా ఫోనే పంపుతుంది, కాకపోతే వైఫై మీద పంపుతుంది కాబట్టి ఇల్లంతా అందుతుంది. ఎయిర్‌ప్లే 2 వచ్చాక, అంటే 2018 నుంచి, ఒకేసారి చాలా గదుల్లో స్పీకర్లను కలిపి వినొచ్చు. వైఫైలో సీడీ నాణ్యత శబ్దాన్ని ఏమీ పోకుండా పంపడానికి కావలసినంత చోటుంది. అయితే గదులన్నీ ఒకే తాళంలో మోగాలంటే నిల్వ ఎక్కువ పెట్టుకోవాలి, పాజ్ నొక్కాక కాస్త ఆగి ఆగుతుందే, అది అందుకే.

2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్. గేమింగ్ హెడ్‌సెట్‌తో పాటు వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క. బ్లూటూత్ వాడే పౌనఃపున్యమే, పద్ధతి మాత్రం కంపెనీ సొంతం, అందుకే ఆలస్యం చాలా తక్కువ, మైక్ వాడినా శబ్దం పడిపోదు. ఆ డాంగిల్ పోతే మాత్రం ఇంకో కంపెనీది పెట్టి నడిపించలేరు.

టీవీ పక్కన పెట్టే రేడియో బేస్. హెడ్‌ఫోన్‌ను దాని మీద పెడితే చార్జ్ అవుతుంది, తీసి పెట్టుకుంటే మోగుతుంది. పెద్దవాళ్లకు నా సలహా ఎప్పుడూ ఇదే, ఎందుకంటే జతచేయడం, మెనూలు, నోటిఫికేషన్లు ఏవీ ఉండవు. కొనేటప్పుడు డిజిటల్ అని రాసుందో లేదో చూడండి, పాత అనలాగ్ వాటిలో వెనకాల సన్నగా బుస్సుమనే శబ్దం ఉంటుంది.

ఇన్‌ఫ్రారెడ్. టీవీ రిమోట్ లాగే ఎదురుగా ఉండాలి, గోడ దాటదు, ఎండ పడితే తడబడుతుంది. అలాంటి బేస్ ఇప్పటికే ఇంట్లో ఉంటే వాడుకోండి, కొత్తగా వెతికి కొనక్కర్లేదు.

వైసా (WiSA). హోమ్ థియేటర్ స్పీకర్ల కోసం 5 గిగాహెర్ట్జ్ మీద నడిచే పద్ధతి, కుదించకుండా పంపుతుంది, ఆలస్యం 5 మిల్లీసెకన్ల దగ్గర. పనితీరు గొప్పగా ఉంటుంది, కానీ టీవీ లేదా ట్రాన్స్‌మిటర్ కూడా దానికి తగ్గదే అయ్యుండాలి.

## 4. కోడెక్ విషయంలో ఎంత పట్టించుకోవాలి

బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించే పద్ధతే కోడెక్. ఎస్‌బీసీ అన్నిటిలోనూ తప్పనిసరి, సెకనుకు 328 కిలోబిట్లు దాకా వెళుతుంది. ఆప్టెక్స్ 352, ఆప్టెక్స్ హెచ్‌డీ 576, ఎల్‌డాక్ 330, 660, 990 అనే మూడు మెట్ల మీద నడుస్తుంది. పోల్చుకోవడానికి, సీడీలో ఉండేది 1411.

గుర్తుంచుకోవాల్సింది ఒకటే: కోడెక్ రెండువైపులా ఉండాలి. ఐఫోన్ బ్లూటూత్‌లో ఎస్‌బీసీ, ఏఏసీ ఇంతే, కాబట్టి ఐఫోన్ వాడేవాళ్లు ఎల్‌డాక్ కోసం ఎక్కువ డబ్బు పెడితే అది వాడుకలోకే రాదు. ఆండ్రాయిడ్‌లో వెర్షన్ 8 నుంచి ఎల్‌డాక్, ఆప్టెక్స్‌లకు చోటిచ్చారు, కానీ మీ ఫోన్‌లో ఏవున్నాయో చూసుకోవాల్సిందే.

ఆండ్రాయిడ్‌లో ఇలా చూడండి:

1. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాలు తెరిచి బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కండి, డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి.
2. హెడ్‌ఫోన్ కలిపి ఒక పాట పెట్టండి.
3. డెవలపర్ ఆప్షన్స్‌లో బ్లూటూత్ ఆడియో కోడెక్ దగ్గర ఏం చూపిస్తోందో చూడండి.
4. ఎల్‌డాక్ ఉంటే నాణ్యతను అడాప్టివ్‌లోనే వదిలేయండి. 990 దగ్గర బిగించేస్తే రద్దీ ఉన్నచోట పాట తెగిపోతూ ఉంటుంది, తెగే 990 కంటే తెగని 330 నయం.

"బ్లూటూత్ 5.3" లాంటి నంబరు చూసి నాణ్యత అంచనా వేయకండి. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ ఆడియో పద్ధతి, దాంతో వచ్చిన ఎల్‌సీ3 కోడెక్, ఒకే ప్రసారాన్ని ఎంతమందైనా వినగలిగే ఆరాకాస్ట్, ఇవన్నీ నిజంగానే పనికొచ్చేవే, కానీ 5.2 లేదా ఆపై వెర్షన్ ఉన్నంత మాత్రాన అవి ఉన్నట్టు కాదు. ఎల్‌ఈ ఆడియో అనీ, ఆరాకాస్ట్ అనీ పేరుపెట్టి రాసుంటేనే నమ్మండి, అదీ పంపే పరికరం మీదా, వినే పరికరం మీదా.

నా అభిప్రాయం అడిగితే, హెడ్‌ఫోన్ చెవికి సరిగ్గా కూర్చోకపోతే పోయే బేస్ (లోతైన శబ్దం) ముందు కోడెక్ తేడా చాలా చిన్నది. ఇయర్‌బడ్ రబ్బరు టిప్పుల సైజులన్నీ ఓపిగ్గా మార్చి చూడండి.

## 5. టీవీకి హెడ్‌ఫోన్ కలిపే వరుస

టీవీలోనే బ్లూటూత్ ఉంటే ముందు దాంతో చూడండి, ఆలస్యం తెలియకపోతే అక్కడితో పని అయిపోయింది. తెలుస్తుంటే ట్రాన్స్‌మిటర్, అంటే టీవీకి తగిలించి శబ్దాన్ని బ్లూటూత్‌లో హెడ్‌ఫోన్‌కు పంపే చిన్న పరికరం కావాలి. ఆప్టెక్స్ లో లేటెన్సీ అయితే 40 మిల్లీసెకన్ల దగ్గరుంటుంది, ఆప్టెక్స్ అడాప్టివ్ కూడా ఫర్వాలేదు, కానీ మీ హెడ్‌ఫోన్‌లోనూ అదే ఉండాలి, లేకపోతే మళ్లీ ఎస్‌బీసీకే దిగిపోతుంది.

1. ఆప్టికల్ తీగ రెండు చివర్లా ఉండే చిన్న ప్లాస్టిక్ టోపీలు తీయండి. పారదర్శకంగా ఉండి కనబడవు, అవి ఉంటే లోపలికి పోదు, బలంగా తోస్తే పోర్టు తలుపు విరుగుతుంది.
2. టీవీకీ ట్రాన్స్‌మిటర్‌కీ తీగ పెట్టాక టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను పీసీఎంకి (కుదించని మామూలు శబ్దం) మార్చండి. డాల్బీ, ఆటో, బిట్‌స్ట్రీమ్ అని ఉంటే చాలా ట్రాన్స్‌మిటర్లకు అర్థం కాదు, శబ్దం రాదు. "కొన్ని చానెళ్లకు వస్తోంది, కొన్నిటికి రావట్లేదు" అన్నారంటే తొంభై పాళ్లు ఇదే.
3. ట్రాన్స్‌మిటర్‌ను టీవీ వెనక దాచకండి. లోపలంతా రేకే, సిగ్నల్‌కు అడ్డం. పక్కకో కిందికో, మీరు కూర్చునే చోటికి కనబడేలా పెట్టండి.
4. జతచేసేటప్పుడు ఇంట్లోని ఫోన్లలో బ్లూటూత్ ఆపేయండి, లేకపోతే హెడ్‌ఫోన్ అలవాటు కొద్దీ ఫోన్‌నే పట్టుకుంటుంది.
5. టీవీలో ఆడియో డిలే సెట్టింగ్‌ను సున్నాకి తెండి. చాలా టీవీల్లో అది శబ్దాన్ని ఇంకా వెనక్కి నెట్టగలదే గానీ ముందుకు లాగలేదు.
6. ఎవరైనా డ్రమ్ము వాయిస్తున్న వీడియో పెట్టి పుల్ల కొననే చూడండి. పుల్ల తోలుకు తగిలి, మళ్లీ పైకి లేచాక "ఠప్" వినిపిస్తే ఆలస్యం ఎక్కువున్నట్టు. తగిలినప్పుడే వినిపిస్తే అంతా సర్దుకున్నట్టే. మాట్లాడే మొహాల కంటే దీనితో బాగా తెలుస్తుంది.

ఆప్టికల్ వాడినప్పుడు చాలా టీవీల్లో రిమోట్‌తో హెడ్‌ఫోన్ సౌండ్ మారదు, హెడ్‌ఫోన్ మీదే మార్చుకోవాలి. కొన్ని టీవీల్లో ఓ లాభం కూడా ఉంది: టీవీ స్పీకర్ కూడా మోగుతూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఒకరికి వినికిడి తక్కువైతే వాళ్లు హెడ్‌ఫోన్‌లో పెద్దగా, మిగతావాళ్లు స్పీకర్‌లో మామూలుగా, అందరూ కలిసే చూడొచ్చు. హెడ్‌ఫోన్ జాక్‌లో పెడితే చాలావాటిలో టీవీ స్పీకర్ ఆగిపోతుంది.

## 6. వైఫై స్పీకర్లు పెట్టే వరుస

1. ఫోన్‌ను ఇంటి అసలు నెట్‌వర్క్‌కే కలపండి. గెస్ట్ నెట్‌వర్క్‌లో పరికరాలు ఒకదాన్నొకటి చూసుకోకుండా అడ్డు ఉంటుంది.
2. ఫోన్‌లో వీపీఎన్ (ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ గుండా తిప్పే యాప్) ఉంటే ఆపండి. స్పీకర్ కనబడకపోవడానికి ఇది పెద్ద కారణం, ఎవరూ అనుమానించరు.
3. మొదటిసారి స్పీకర్‌ను రౌటర్ ఉన్న గదిలోనే పెట్టి సెటప్ పూర్తిచేయండి, అప్‌డేట్ అడిగితే అయ్యేదాకా కదపకండి.
4. తర్వాత అసలు చోటికి మార్చి ఓ అరగంట ఆపకుండా మోగించండి.
5. ప్రతి స్పీకర్‌కూ గది పేరే పెట్టండి. మోడల్ నంబర్లు అలాగే వదిలేస్తే వంటింట్లో పెట్టబోయిన పాట పడగ్గదిలో మోగుతుంది.
6. రెండింటిని స్టీరియో జతగా వాడాలంటే రెండూ ఒకే మోడల్ ఉండాలని చాలా కంపెనీలు అంటాయి, ఒకటి కొనేముందే ఇది చూసుకోండి.

పాట మధ్యలో తెగుతుంటే వెంటనే స్పీకర్‌ను తిట్టకండి, చాలావరకు అది రౌటర్ పని. రౌటర్‌ను అల్మారాలోంచి బయటికి తీసి ఎత్తులో పెట్టండి. 2.4 బ్యాండ్‌లో అయితే చానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి, ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడవు. స్పీకర్ 5 గిగాహెర్ట్జ్ తీసుకుంటే, గోడలు ఎక్కువ లేకపోతే, దానికే మార్చండి. స్పీకర్‌కు ల్యాన్ పోర్టు ఉండి తీగ వేసే వీలుంటే ఇంకేం ఆలోచించకుండా వేసేయండి.

## 7. కాల్స్, మీటింగ్‌లు: శబ్దం పడిపోవడానికి కారణం

బ్లూటూత్‌లో పాటలకు ఒక దారి, కాల్స్‌కు ఇంకో దారి. పాటల దారి ఒకవైపే వెళుతుంది, అందుకే నాణ్యత బాగుంటుంది. మైక్ తెరవగానే పరికరం రెండువైపులా మాట వెళ్లే కాల్స్ దారికి మారుతుంది, అక్కడ చోటు తక్కువ, స్టీరియో పోయి మోనో అవుతుంది. మీ హెడ్‌సెట్ ఎంత మంచిదైనా పాత పద్ధతిలో ఇంతే. ల్యాప్‌టాప్‌లో గేమ్ ఆడుతూ మైక్ వాడినా ఇదే జరుగుతుంది.

దీనికి చేయగలిగినవి:

- మీటింగ్ యాప్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్‌ను, స్పీకర్‌గా హెడ్‌ఫోన్‌ను ఎంచుకోండి. హెడ్‌ఫోన్ పాటల దారిలోనే ఉండిపోతుంది.
- రోజంతా మీటింగ్‌లే అయితే డాంగిల్‌తో వచ్చే హెడ్‌సెట్ తీసుకోండి.
- ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్ రెండూ ఎల్‌ఈ ఆడియో ఉన్నవైతే దాన్ని ఆన్ చేసి చూడండి.

## 8. తరచూ వచ్చే ఇబ్బందులు, సరిచేసే పద్ధతి

ఫోన్ జేబులో పెడితే తెగుతోంది. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను ఒంట్లోని నీరు పీల్చుకుంటుంది. ఫోన్ కుడి జేబులో పెట్టి, ఎడమ జేబులో పెట్టి, రెండు రకాలుగా నడిచి చూడండి, చాలాసార్లు ఒకవైపు బాగుంటుంది.

కంప్యూటర్‌కు డాంగిల్ పెడితే గరగర. పక్కనే యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్‌డిస్క్ ఉందేమో చూడండి. యూఎస్‌బీ 3 నుంచి 2.4 దగ్గర రేడియో రొద వస్తుంది, ఇంటెల్ 2012లోనే దీనిమీద పత్రం రాసింది. ఓ చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ను దూరం జరిపి టేబుల్ మీద పెడితే చాలావరకు పోతుంది.

వంటింట్లోకి వెళితే ఆగిపోతోంది. మైక్రోవేవ్ నడుస్తోందా చూడండి, అదీ 2.45 దగ్గరే పనిచేస్తుంది.

హెడ్‌ఫోన్ ఎప్పుడూ వేరే పరికరానికి వెళ్లిపోతోంది. రెండువైపులా పాత జతలు తుడిచేసి, హెడ్‌ఫోన్‌ను రీసెట్ చేసి, కావాల్సిన రెండిటికే మళ్లీ జతచేయండి. ఒకవైపే తుడిస్తే కుదరదు.

మల్టీపాయింట్ ఆన్ చేశాక నాణ్యత తగ్గింది. కొన్ని హెడ్‌ఫోన్లలో రెండు పరికరాలకు ఒకేసారి కలిపితే ఎల్‌డాక్ ఆగిపోతుంది. ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి.

సౌండ్ చాలా తక్కువగా వస్తోంది. ఫోన్‌కూ హెడ్‌ఫోన్‌కూ వాల్యూమ్ వేర్వేరుగా ఉండొచ్చు. ముందు హెడ్‌ఫోన్‌ను చెవినుంచి తీసి ఫోన్‌లో పూర్తిగా పెంచండి, తర్వాత హెడ్‌ఫోన్ మీద నెమ్మదిగా పెంచుకోండి.

## 9. వెనక్కిచ్చే గడువులోపు చేయాల్సిన పరీక్షలు

డబ్బా, బిల్లు పారేయకుండా ఇవన్నీ మీ ఇంట్లోనే చేయండి. షోరూమ్‌లో బాగా పనిచేసిందంటే అక్కడి గోడలకూ అక్కడి వైఫైకీ సరిపోయిందని మాత్రమే అర్థం.

- [ ] మీరు నిజంగా కూర్చునే చోట, రాత్రి పూట, అంటే చుట్టుపక్కల వైఫైలన్నీ రద్దీగా ఉన్నప్పుడు, గంటసేపు విన్నారా?
- [ ] డ్రమ్ము వీడియోతో టీవీ పరీక్ష చేశారా?
- [ ] పాట మోగుతుండగా ఇంకో ఫోన్ నుంచి కాల్ చేయించి చూశారా? కాల్ అయ్యాక పాట దానంతటదే మళ్లీ మొదలైందా?
- [ ] ఎదుటివాళ్లకు మీ మాట ఎలా వినిపిస్తోందో, ఫ్యాన్ వేసి, కిటికీ తీసి, అడిగారా?
- [ ] చార్జింగ్ పెట్టినప్పుడు కూడా మోగుతుందా? కొన్ని హెడ్‌ఫోన్లు తీగ పెట్టగానే ఆఫ్ అయిపోతాయి.
- [ ] రౌటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే వైఫై స్పీకర్ మీ సాయం లేకుండా తిరిగి కలిసిందా?
- [ ] ఇంట్లో టెక్నాలజీ అంటే అంతగా ఇష్టపడని మనిషి చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా, ఆన్ చేసి వినమన్నారా?

చివరి పరీక్షలో తప్పిందంటే మిగతా అన్నిట్లో పాసైనా ఆ వస్తువును వెనక్కిచ్చేసి, అదే పనికి 3వ భాగంలో చెప్పినవాటిలో ఇంకాస్త సులువైనది తీసుకోండి.